మురుగు తీసిన కథకులు

పాతికేళ్ళ కిందట ఒక వారపత్రికకు కథ పంపాను. తిరుగుటపాలో వచ్చేసింది. మొదటి పేజీ పక్కన ఎర్రసిరాతో ఒక్క వాక్యం: "కొబ్బరిచెట్లు తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్కపెట్టుకుని చెప్పండి." ఒళ్ళు మండింది. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోనాడు లెక్కపెట్టాను. పదకొండు పేజీల కథ. అందులో కొబ్బరితోట, కాలవగట్టు, లంకలో పొద్దుగూకడం, పంటు మీద గాలి, అమ్మమ్మ వండిన పనసపొట్టు కూర కలిపి ఏడు పేజీలు. మిగిలిన నాలుగింట్లో మనుషులున్నారు. వాళ్ళు కూడా చాలాసేపు ఆ పనసపొట్టు కూరే తింటున్నారు.

ఆ ఎడిటరు ఎవరో చెప్పను. ఆయన మాట మాత్రం అప్పట్నించీ నా వెంటే ఉంది. కోనసీమవాడు కథ రాయడానికి కూర్చుంటే వాడికి అడ్డం పడేది పేదరికమో, తీరికలేకపోవడమో, భాష చాలకపోవడమో కాదు. అన్నీ ఎక్కువై అడ్డం పడతాయి. ఊరు అందం, మాట తీపి, నాలిక చివర వెటకారం, వంశాల ముచ్చట్లు. ఎంత రాసినా ఇంకా ఊరుతూనే ఉంటుంది.

మా రైతునడిగితే ఇదే సంగతి ఇంకోలా చెబుతాడు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ, వైనతేయ చీల్చుకుపోయిన ఈ నేలకి నీటి కరువు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తవడంతోనే తీరింది. గన్నవరం దగ్గర ఏటి మీదుగా అక్విడక్టు కట్టి అవతలి లంకకి కూడా కాలవ దాటించారు. వచ్చిన చిక్కల్లా, పొలంలోకి వచ్చిన నీరు మళ్ళీ బయటికి పోవడం. నేల పల్లం, సముద్రం పక్కనే, మురుగుకాలవ పూడిందంటే నాటిన చేను నాటినట్టే కుళ్ళిపోతుంది. 2011లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గోడుతోపాటు ఈ మురుగు గోడు కూడా వినిపించింది. మా కథకుల చరిత్ర కూడా నాకు ఇలాగే కనబడుతుంది. నీరు పెట్టడం అందరికీ పుట్టుకతోనే వచ్చు. మురుగు తీసుకున్నవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. రచయితల దురలవాట్లంటే చీట్లాటలూ సీసాలూ గుర్తొస్తాయి జనానికి. వాటి జోలికి నేను పోను. అవి ఇరుగుపొరుగులకు తెలిసినవి, వాళ్ళ దగ్గరే ఉండనిద్దాం. పైగా మన దగ్గర రచయిత జీవితం రాయడమంటే హారతి పట్టడం. యానాం దగ్గర పల్లిపాలెంలో కూర్చుని మధునాపంతుల సత్యనారాయణశాస్త్రి గారు 'ఆంధ్రరచయితలు' రాసి మాలాంటివాళ్ళకి ఎంతో మేలు చేశారు. ఆ పుస్తకం లేకపోతే సగంమంది ఊరూ పేరూ కూడా తెలియవు. కానీ అలాంటి పుస్తకాల్లో ఎవరికీ ఒక్క చెడ్డ అలవాటూ కనబడదు. దానికోసం వాళ్ళ రచనల్లోకే వెళ్ళాలి. కాగితం మీద చెయ్యి పదేపదే ఎటు జారుతుందో అక్కడ పట్టుకోవాలి.

ఆ వెతుకులాటలో మొట్టమొదట తగిలే ఊరు ముంగండ. పదిహేడో శతాబ్దంలో అక్కడి కుటుంబం నుంచి వెళ్ళి షాజహాన్ దర్బారులో నిలబడ్డ జగన్నాథ పండితరాయలు కథకుడు కాడు, సంస్కృత కవి, ఆలంకారికుడు. అయినా ఆయన్ని దాటి ముందుకు పోలేను. 'రసగంగాధరం' రాస్తూ ఉదాహరణకు ఒక్క శ్లోకం కూడా పరాయివాడిది తీసుకోనని, అన్నీ నావేనని చాటుకున్నాడాయన. శాస్త్రగ్రంథంలో అది గొప్ప ధీమా. కథలో అయితే అంతకంటే పెద్ద జబ్బు లేదు. ప్రతి పాత్ర నోటా రచయితే మాట్లాడటం, పొరుగువాడి గొంతుకి చోటివ్వకపోవడం మా నేలలోనే ఉందేమో అనిపిస్తుంది. ఈ ముంగండకి మళ్ళీ వద్దాం. మూడొందల ఏళ్ళ తర్వాత దీనికి బదులు కూడా ఆ ఊరే చెప్పింది.

వచనకథ పుట్టింది ఎగువన, రాజమండ్రిలో. కందుకూరి వీరేశలింగం 1878లో 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టేనాటికి ఆయన చేతికి పట్టిన అలవాటు మామూలుది కాదు. పెదవులు తగలని అక్షరాలతో, అచ్చతెలుగులో, నిర్వచనంగా నైషధం రాసిన చెయ్యి అది. సర్కసు విద్య. ఆ విద్యను ఆయనే తర్వాత 'సరస్వతీ నారద సంవాదం'లో వెక్కిరించాడు. నవల నడిపిన గ్రాంథికం మాత్రం అంత తొందరగా వదలలేదు. జీవితమంతా వితంతు వివాహాల కోసం ఊరితో పోట్లాడినవాడు వ్యాకరణంతో పోట్లాడటానికి డెబ్భై ఏళ్ళు తీసుకున్నాడు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వ్యావహారిక భాష కోసం సమాజం పెడితే దానికి అధ్యక్షుడయ్యాడు. మే నెలలో పోయాడు. ఆ మూడు నెలల్లో ఆయన కొత్తభాషలో ఏం రాయగలడు? ఏమీ రాయలేదనే అనుకోవాలి. కానీ డెబ్భయ్యో ఏట నా చెయ్యి ఇన్నాళ్ళూ తప్పుదారిన నడిచిందని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. మనలో చాలామందికి నలభైలోనే మెడ తిరగదు.

మన ఆధునిక కథల్లో మొదటి వరసలో చెప్పుకునే దాని పేరు 'దిద్దుబాటు' కావడం చూస్తే నాకెప్పుడూ నవ్వొస్తుంది. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన ఆ చిన్న కథలో పెళ్ళాం మొగుడి చెడ్డ అలవాటు మాన్పిస్తుంది, ఉపన్యాసం చెప్పకుండా. దాన్ని రాసిన గురజాడ అప్పారావు అంతకుముందు ఏడాదే తన మీద తాను అంతకంటే పెద్ద దిద్దుబాటు చేసుకున్నాడు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ను 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశాడు. మొదటిదాంట్లో మూల నిలబడ్డ మధురవాణి రెండోదాంట్లో నాటకాన్నే చేతిలోకి తీసుకుంది. సంస్కారం గురించి రాయాలని కూర్చున్నవాడు మనుషుల గురించి రాసి లేచాడు. ఇది విజయనగరం సంగతి, మా డెల్టాది కాదు. అయినా కొలబద్ద కావాలి కదా, ఇదీ ఆ కొలబద్ద.

ఇక మా గట్టుకు వస్తాను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1891లో పుట్టిన పొలమూరు కోనసీమకు ఎగువన, గోదావరికి ఈవల. వైదిక కుటుంబం, ఇంటినిండా సంస్కృతం, బయటంతా పద్యాల, అవధానాల హోరు. అలాంటి గాలిలో పెరిగిన కుర్రవాడి తొలి నవలలు 'మిథునానురాగం', 'శ్మశానవాటిక' చూస్తే రాబోయే శ్రీపాద ఎక్కడున్నాడో పట్టుకోవడం కష్టం. పొడుగు సమాసాలు, పుస్తకాల మనుషులు. తర్వాత కొన్నేళ్ళకి ఆయన ఒక పని చేశాడు. కథ చెప్పడం మానేశాడు. మానేసి, ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే తలుపు పక్కన నిలబడ్డవాడిలా వినడం మొదలుపెట్టాడు.

ఆయన జబ్బు మాట్లాడటం. అది పోలేదు. పోయిందని ఎవరైనా అంటే 'వడ్లగింజలు' చదవమంటాను. పెద్దాపురం కోటలో చదరంగం ఆడదామని వచ్చిన బీద బ్రాహ్మడి కథ అది. ఒక్కో సంభాషణ ఎంతకీ తెమలదు. కొత్తగా చదివేవాడికి విసుగొచ్చినా తప్పు పట్టను. కానీ ఆ మాటల్లోంచే రాజుగారి కొలువు, వంటసాల, కాపలావాళ్ళ దర్జా, ఆకలి అన్నీ పైకి తేలతాయి. రచయిత పక్కన నిలబడి ఇది కోట, ఇది ఆకలి అని ఎక్కడా వేలు చూపించడు.

ఇంకా గొప్ప ఉదాహరణ 'అరికాళ్ళ కింద మంటలు'. ఇంట్లో ఒక చిన్నవయసు వితంతువు. తల్లి ఒక పని చెబుతుంది, చెల్లెళ్ళు ఇంకోటి చెబుతారు, ఇంకెవరో మరోటి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు. చదువుతున్న మనకే ఊపిరాడదు. ఇక్కడ శ్రీపాద అతివాగుడు కథకి లోపం కాదు. ఆ పిల్ల నెత్తిన పడుతున్న మంటే ఆ వాగుడు. చివరకి ఆమె రాత్రికి రాత్రి జట్కా ఎక్కి వీరేశలింగం తోటకి పోతుంది. కన్నీళ్ళు తెప్పించే వర్ణన ఒక్కటి లేదు. తన బలహీనతను ఎక్కడ వాడితే బలమో తెలుసుకున్నవాడికే అది సాధ్యం. అదే పొడుగు సంభాషణ వేరే కథల్లో, తన పంతాలు చెప్పుకోవడానికి వాడినప్పుడు, సాగదీతగానే మిగిలిందని కూడా చెప్పాలి. 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో కూడా పాత పేచీలు తవ్వుకునేచోట చెయ్యి అదుపు తప్పుతుంది. మళ్ళీ పల్లెటూరి పెళ్ళిళ్ళూ, సంభావనల కోసం కాళ్ళీడ్చుకుంటూ తిరిగిన దారులూ చెప్పేచోట ఆ చేతికి సాటి ఉండదు. ఒకే మనిషిలో రెండూ, చివరిదాకా.

శ్రీపాద వదిలించుకున్న దాన్ని అడివి బాపిరాజు ప్రాణంగా పట్టుకున్నాడు. అందం. ఆయన చిత్రకారుడు, పాటగాడు, భీమవరం వైపు మనిషి. ఆయన 'నారాయణరావు' నవలకి నాయకుడి ఊరు మాత్రం మా కొత్తపేట. 1934లో ఆ నవల ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో కలిసి బహుమతి పంచుకుంది. విశ్వనాథ ఆ మహానవలను తమ్ముడికి ఎదురుగా కూర్చుని చెబుతూ రాయించాడు. మాట్లాడుతూ రాయించిన పుస్తకంలో మాట్లాడే అలవాటు ఎంత మేలు చేసిందో ఎంత చెరిచిందో వేరే వ్యాసం. దొస్తొయెవ్‌స్కీ 1866లో జూదం అప్పుల ఒత్తిడిలో 'జూదరి'ని ఇరవయ్యారు రోజుల్లో చెప్పి రాయించాడు. రాసుకున్న అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, మరి నాలుగైదేళ్ళకి జూదం మానాడు. మన దగ్గర చెప్పి రాయించిన మరెవరికీ అంత లాభం కలిగినట్టు లేదు.

నారాయణరావు దగ్గరకొస్తే, ఆ కొత్తపేట కుర్రవాడిలో లేని గుణం లేదు. చదువు, సంగీతం, దేహబలం, దేశభక్తి, ఓర్పు, ఆస్తి. జమీందారు కూతురు శారద ముందు మొగుణ్ణి చిన్నచూపు చూసినా, ఇలాంటి మనిషిని ఎన్నాళ్ళని చూడగలదు? చదివేవాడికి ఆ సంగతి ముప్పయ్యో పేజీకే తెలిసిపోతుంది. మా చిన్నప్పుడు కొత్తపేట వెళ్ళినప్పుడల్లా అలాంటివాడు ఒకడైనా ఎదురవుతాడని చూసేవాణ్ణి. మంచివాళ్ళు ఎదురయ్యారు, బలవంతులు ఎదురయ్యారు, ఫిడేలు వాయించేవాళ్ళూ ఎదురయ్యారు. అందరూ వేరువేరు మనుషులు.

బాపిరాజు దీన్ని జయించాడా? సగం. 'కోనంగి'లో నాయకుడికి పెట్టిన పేరే విదూషకుడి పేరు. డబ్బులేని పట్టభద్రుడు, మద్రాసు వీధుల్లో పని వెతుక్కునేవాడు. చిత్రకారుడు తన బొమ్మకి తానే మీసం గీసుకుని నవ్వుకున్నట్టుంటుంది ఆ మొదలు. కాసేపటికి ఆ కోనంగి కూడా అందగాడైపోతాడు, ప్రతిభావంతుడైపోతాడు. చెయ్యి పాతదారినే పట్టింది. అయినా నాకు 'నారాయణరావు' కంటే 'కోనంగి' మీదే మనసు. ఓడిపోయినా పోరాటం కనబడుతుంది దాంట్లో.

ఇలాంటి అందాల పిచ్చిని ఒకాయన మొదలంటా నరుక్కున్న కథ ఫ్రాన్సులో ఉంది. ఫ్లోబేర్ 1849లో తన 'సెయింట్ ఆంటొనీ' రచనను ఇద్దరు స్నేహితులకు నాలుగు రోజులపాటు చదివి వినిపించాడు. అయ్యాక వాళ్ళు దాన్ని పొయ్యిలో పారేసి మళ్ళీ దాని ఊసెత్తవద్దన్నారు. నేలబారు విషయం ఏదైనా పట్టుకొమ్మన్నారు. అలా పుట్టింది 'మదాం బోవరీ'. స్నేహితులంటే వాళ్ళు. మా వైపు సాహితీమిత్రులు నాలుగు రోజులు విన్నాక శాలువా కప్పుతారు. వెనకాల, కాఫీహోటల్లో చెప్పవలసింది చెబుతారు. వెటకారం మాకున్నంత ఎవరికీ లేదంటారు కానీ దాన్ని ముఖాన వాడటం మర్యాద కాదనుకుంటాం.

ఇప్పుడు ముంగండ. మహీధర రామమోహనరావు 1909లో అక్కడ పుట్టాడు. కమ్యూనిస్టు. రాజకీయ వ్యాసాలు, అనువాదాలు పోగులుగా రాసినవాడు. అంటే కథకుడికి ఉండకూడని అలవాటు ఆయనకి వృత్తిగానే ఉంది. పాఠం చెప్పడం. ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోవడం. అలాంటి మనిషి యాభై దాటాక, 1960ల నడుమ, తన ఊరిని తీసుకుని 'కొల్లాయిగట్టితేనేమి?' రాశాడు. పేరు గాంధీ మీద బసవరాజు అప్పారావు పాట నుంచి తీసుకున్నది. కాలం సహాయనిరాకరణ రోజులు. చదువు వదిలేసి ఊరొచ్చిన రామనాథం అనే కుర్రవాడు, స్వరాజ్యం అనే అమ్మాయి, అగ్రహారం పెద్దలు.

కమ్యూనిస్టు రాసిన నవల కాబట్టి అగ్రహారాన్ని చీల్చి చెండాడతాడని తెరిచాను మొదటిసారి. నా ఊహ తలకిందులైంది. ఛాందసులు వాదించేచోట వాళ్ళ వాదం వాళ్ళ బలంతోనే నిలబడుతుంది. చదువుకున్నవాడి తర్కం, చదువు అహంకారం, ఊరి భయం, ఇల్లు చీలిపోతుందన్న తల్లుల దిగులు, దేనినీ కార్టూను చెయ్యలేదు. గాంధీ ఉద్యమం మీద రచయితకున్న విమర్శ ఆయన వ్యాసాల్లో ఎంత గట్టిగా ఉండేదో ఊహించుకోవచ్చు. నవలలో అది రామనాథం తెలుసుకోవలసినంతే, తెలుసుకోగలిగినంతే ఉంటుంది. 1921లో ఆ కుర్రవాడికి తెలియనిది 1960ల్లో తనకు తెలిసినా రచయిత వాడి నోట్లో పెట్టలేదు. చరిత్ర నవల రాసిన ఎవరినైనా అడగండి, ఆ నోరు కట్టుకోవడం ఎంత కష్టమో.

మరో సంగతి. కోనసీమలో జరిగే ఆ నవలలో కోనసీమ అందం దాదాపు లేదు. కాలవలున్నాయి, కానీ పడవలో ఎక్కడికి పోతున్నారన్నది ముఖ్యం. తోటలున్నాయి, కానీ ఎవరి తోట, ఎవరి పేర ఉంది అన్నది ముఖ్యం. ఉదాహరణ శ్లోకాలన్నీ నావేనన్న పండితుడి ఊళ్ళోనే, ఇంకొకడు తన గొంతును నొక్కుకుని తనకు గిట్టనివాళ్ళ గొంతుల్ని వినిపించాడు. తర్వాత 'దేశం కోసం', 'జ్వాలాతోరణం' ఆ కాలాన్ని ముందుకు నడిపాయి. వాటిలో పాఠం చెప్పే మాస్టారు అప్పుడప్పుడు తొంగిచూస్తాడు. అలవాటు కదా. కానీ మురుగుకాలవ తవ్వడమంటే ఏమిటో చూడాలంటే మా ప్రాంతంలో నేను చూపించే మొదటి పుస్తకం 'కొల్లాయిగట్టితేనేమి?'నే.

ఇక్కడిదాకా చెప్పినవాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బు ఎక్కువ మాట్లాడటం. ఆ జబ్బు రావాలంటే ముందు మాట్లాడనిచ్చే ఇల్లు ఉండాలి, వినే అరుగు ఉండాలి. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నకి ఆ అరుగు ఎక్కే హక్కే లేదు. ఆయనకు ఊరు నేర్పిన అలవాటు వేరు. నోరు మూసుకోవడం, వంగి నిలబడటం. 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని పైకొస్తాడు. ఆ నాటకం చూసి పాలేరుతనం మానేసి బడికి పోయిన పిల్లల సంగతులు మా వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 'జానపదుని జాబులు'లో ఉత్తరాల రూపం ఎంచుకున్నాడు. అరుగు మీద చోటివ్వనివాడికి ఉత్తరం ఒక దారి కదా, ఎవరూ నడుమ కోసేయలేరు. 'గుడిసెలు కాలిపోతున్నాయ్'కి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన ఆవేశాన్ని అదుపు చేసుకోలేదని, కల్పనలో ఆదర్శం ఎక్కువని అన్న విమర్శకులున్నారు. వందల ఏళ్ళు ఎండబెట్టిన చేలోకి నీరు వదిలిన మొదటి ఏడే మురుగు గురించి మాట్లాడటం నాకు సబబుగా తోచదు.

అలవాట్లు గట్టిపడితే నియమాలవుతాయి. నియమాలంటే గుర్తొచ్చేవాడు పాలగుమ్మి పద్మరాజు. పుట్టింది పశ్చిమాన తిరుపతిపురం, కాకినాడ పి.ఆర్. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాడు. 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి. ఆ కథలో రావుగారికి బతుకంతా నియమాలే. ఒక్క తుఫాను రాత్రి, ఒక బిచ్చగత్తె, అన్నీ కూలిపోతాయి. రసాయనశాస్త్రం మాస్టారు కాబట్టో ఏమో, కొలిచి వేసినట్టుంటుంది ఆ కథ, ఒక్క చుక్క ఎక్కువ లేదు. ఉత్తరాన కాళీపట్నం రామారావు 1950ల్లో తాను రాస్తున్న కథలు తనకే నచ్చక దాదాపు ఎనిమిదేళ్ళు కలం పక్కన పెట్టాడు. తిరిగొచ్చి 'యజ్ఞం' రాశాడు. మా డెల్టాలో అలా ఎనిమిదేళ్ళు నోరు కట్టుకున్నవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. ఎనిమిది రోజులే కష్టం, ఆయ్.

తర్వాత వారపత్రికల రోజులు. సీరియలంటే ప్రతివారం చివరి పేరాలో పాఠకుణ్ణి గుమ్మం మీద నిలబెట్టాలి. ఆ విద్యలో రాజోలులో 1948లో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌ని మించినవారు లేరు. వృత్తికి చార్టర్డ్ అకౌంటెంట్, కథలో కూడా లెక్క తప్పదు. 'తులసిదళం'తో ఊళ్ళకి ఊళ్ళు గురువారాలూ శుక్రవారాలూ పత్రిక కోసం కాచుకున్నాయి. 'అభిలాష', 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' ('ఛాలెంజ్' పేరుతో), 'రాక్షసుడు' సినిమాలయ్యాయి. క్షుద్రవిద్యల్ని అమ్ముతున్నాడని రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాసి దులిపేశారు. పాఠకుడి గుండె దడని నమ్ముకున్న చెయ్యి అది. ఆ నమ్మకం ఒక్కోసారి పాత్రల్ని మింగేసిందని నా అభిప్రాయం. 'ఆనందోబ్రహ్మ'లో, 'అంతర్ముఖం'లో ఆ చెయ్యి వేరేదారి వెతుక్కుంది. తర్వాత జరిగింది ఇంకా తమాషా. 'విజయానికి ఐదు మెట్లు' లాంటి పుస్తకాలతో ఆయన పాఠకుల అలవాట్లు దిద్దే పనిలోకి దిగాడు. మా కథకుల్లో దురలవాట్లు మానడమెలాగో నేరుగా పుస్తకంగా రాసింది ఆయనొక్కడే. దాంతో కథ మీద పెట్టే సమయం తగ్గింది. లాభమో నష్టమో పాఠకులు వాళ్ళవాళ్ళ అలవాట్లను బట్టి తేల్చుకోవాలి.

వంశీ 'మా పసలపూడి కథలు' స్వాతిలో వస్తున్న రోజుల్లో, బాపు బొమ్మలతో, మా ఇళ్ళలో పత్రిక ముందు ఎవరు చదవాలని తగాదాలు పడేవాళ్ళు. దిగువ గోదావరి కులవృత్తులు, యాస, తిండి, చిల్లర ప్రేమలు అంత ప్రేమగా దాచినవాళ్ళు లేరు. ఆ కథల వెనకాల వచ్చిన వరద మాత్రం ఇంకా తీయలేదు. ప్రతివాడూ మా ఊరి కథలంటూ మొదలుపెట్టాడు. పూతరేకులు, పులస, ప్రభలతీర్థం, చిన్నప్పటి పంతులుగారు. నా పదకొండు పేజీల కథ కూడా ఆ బాపతే.

ఆ వరదకి అవతల ఊరు మారిపోయింది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసుబావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అమలాపురం మేడల మీంచి రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా కనబడేది. మరుసటి ఏడు నవంబరు తుఫానుకి పడ్డ కొబ్బరిచెట్లను లెక్కపెట్టడానికి అంకెలు చాలలేదు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలింది, అది భీమన్న గారి మామిడికుదురు మండలమే. రాజోలు వైపు ఇళ్ళలో తల్లి గల్ఫులో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ మర్నాడు ఇంటర్నెట్టు లేదు. మిత్రుడొకడు గౌతమి దాటి యానాం వైపు వెళ్ళి ఫోను చేశాడు, ఇంట్లోవాళ్ళంతా క్షేమమని. నా దగ్గర అప్పటికి రాస్తున్న కథ ఒకటుంది. అందులో ఒక పెద్దాయన సాయంత్రం వాలుకుర్చీలో కూర్చుని తోటలో గాలి వింటున్నాడు. ఆ పేజీ ముందుకు సాగలేదు.

మొన్న సంక్రాంతికి పాతపెట్టె సర్దుతుంటే ఆ ఎర్రసిరా కథ దొరికింది. కూర్చుని కొట్టేయడం మొదలుపెట్టాను. పొద్దుగూకడం పోయింది, పంటు మీద గాలి పోయింది, పనసపొట్టు కూర వడ్డించకముందే విస్తళ్ళు తీయించేశాను. చెట్లన్నీ నరికేశాక ఒకటి మాత్రం ఉంచాల్సి వచ్చింది. కథలో దింపువాడు ఎక్కేది దాని మీదకే. పైనుంచి చూస్తే వాడికి పక్కవాళ్ళ దొడ్లో ఏదో కనబడుతుంది, అక్కడే కథ. నాలుగు పేజీలకి వచ్చింది. వాడు ఇంకా చెట్టు మీదే ఉన్నాడు. వాడు చూసిందేమిటో నాకు తెలుసు, కిందికి దిగాక ఎవరితో చెబుతాడో మాత్రం తేలక మూడు వారాలుగా అలాగే వదిలేశాను.